గిన్నెలదిన్నె వారి శంక

ఉద్దండరాయలవారికి ఒకరోజు ఉన్నట్టుండి ఒక కోరిక పుట్టింది. తన రాజ్యంలో ఏ ఊరివాళ్లు తన గురించి ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలట. తను వెళ్దామంటే ఎండ పడదు. అందుకని ఆస్థాన పండితుడు మార్తాండభట్టును పల్లకీ ఎక్కించి పంపాడు.

భట్టు నలభై రోజుల్లో నలభై ఊళ్లు చూసి వచ్చాడు. చూశాడంటే, పల్లకీ తెర కొంచెం పక్కకు జరిపి చూశాడు. అందరూ రాజుగారిని మెచ్చుకున్నారట, ఒక్క గిన్నెలదిన్నె వాళ్లు తప్ప.

గిన్నెలదిన్నె మరీ పెద్ద పట్నం కాదు, అలాగని పల్లెటూరూ కాదు. నాలుగు బజార్లు, ఒక సంత, ఆరువందల కొలుములు. దాని గురించి బయటివాళ్లు చెప్పుకునే కబుర్లు మాత్రం పెద్ద రాజధానికి సరిపోయేటన్ని. అక్కడ పుట్టినవాళ్లందరూ మూగవాళ్లేనని ఉప్పు వర్తకులు అనేవారు. మూగా చెవుడూ రెండూనని గాజుల శెట్లు సవరించేవారు. ఎప్పుడో ఒక మునిని మాటలతో విసిగిస్తే, ఆయన ఊరందరి నాలుకలూ జోలెలో వేసుకుపోయాడని బైరాగులు ఒట్టేసి చెప్పేవారు. వీళ్లలో ఊరి వాకిలి దాటి లోపలికి అడుగుపెట్టినవాడు ఒక్కడూ లేడు.

రాజుగారికి తమలపాకులు చుట్టి అందించే తిప్పన్నకు ఈ కబుర్లు వింటే ఒళ్లు మండేది. అది అతని అత్తారి ఊరు. పగలంతా రాగి మీదా ఇత్తడి మీదా సుత్తులు మోగుతుంటే అక్కడ పక్కవాడి కేక కూడా వినపడదు. అందుకే సైగలు. పొద్దుగుంకి సుత్తులు ఆగాయంటే మాత్రం, పగలంతా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారే బయటపడతాయి. పెళ్లయిన కొత్తలో తిప్పన్న మూడు రోజులు అక్కడున్నాడు. పప్పులో ఉప్పు తగ్గిందని అత్తగారితో చెబుదామంటే మూడు రోజుల్లో సందు దొరకలేదు.

"ప్రభూ, ఆ ఊరి వాకిట్లో ఒక ముసలి కంచరిని ఆపి, మన మహారాజు ఎలాంటివాడని అడిగాను" అన్నాడు భట్టు నిండు సభలో. "వాడు నోరు విప్పలేదు. నా ముఖం మీదికి ఇదిగో ఇలా చిటికెన వేలెత్తి చూపించాడు!"

"అంటే?"

"రాజు తన చిటికెన వేలికి కూడా సరిపోడని, ప్రభూ! మళ్లీ అడిగాను. ఈసారి వేలెత్తడమే కాదు, గంతులు కూడా వేశాడు!"

రాయలవారి మీసాలు అదిరాయి. "ఎవడు వాడు?"

"తెల్ల గడ్డం, ఒక్క చెవికే పోగు, చంకలో పాత సుత్తి."

తిప్పన్న చేతిలో తమలపాకు జారిపోయింది. ఆ ముసలాయన తన మామ లింగబ్రహ్మమే!

"ఆ వేలు నరికించండి. ఆ ఊళ్లో కొలుములన్నీ ఆర్పించండి" అన్నాడు రాజు.

"ప్రభూ, ఆ వేలికి అర్థం అది కాదు..."

"ఆకులు చుట్టేవాడు అర్థాలు కూడా చెబుతాడా!" అన్నాడు భట్టు. సభంతా పకపకా నవ్వింది.

తిప్పన్నకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా తమాయించుకుని చేతులు జోడించాడు. "పోనీ ప్రభూ, కొలుములు ఆర్పించేలోగా తమ పుట్టినరోజు విందు వంటకి ఆ ఊరివాళ్లతో ఒక పెద్ద ఇత్తడి గుండిగ చేయించుకోండి. అలాంటి పనివాళ్లు మళ్లీ దొరకరు. సభ ముందే చేయిస్తే, పని బాగోగులు భట్టుగారు చూస్తారు."

రాజుకి గుండిగ నచ్చింది. భట్టుకి తన పేరు వినపడటం నచ్చింది.

ఎనిమిదోనాడు గిన్నెలదిన్నె నుంచి నలభైమంది కంచరులు వచ్చి సభ ముంగిట్లో కూర్చున్నారు. నలభై సుత్తులు ఒక్కసారి లేచాయి. అంతే, దర్బారులో మంత్రి మాట సేనాపతికి వినపడలేదు, సేనాపతి తుమ్ము సేనాపతికే వినపడలేదు.

భట్టు ముందు వరుసలో పీట వేసుకుని తల ఊపుతున్నాడు. తిప్పన్న పక్కనే నిలబడి, ఎండకు మంచిదని అల్లం మజ్జిగ పోశాడు. ఆపైన నిమ్మకాయ పానకం. ఆపైన మళ్లీ మజ్జిగ. పోసినదల్లా భట్టు గటగటా తాగాడు. రాజుగారి అనుమతి లేకుండా సభలోంచి ఎవరూ లేవకూడదు. రాజుగారేమో గుండిగ మీంచి కళ్లు తిప్పడం లేదు.

మూడో జాము దాటేసరికి భట్టు ముఖం మారింది. పీట మీద అటు జరిగాడు, ఇటు జరిగాడు. "ప్రభూ!" అని అరిచాడు. ఎవరికి వినపడుతుంది? చివరికి లేచి సింహాసనం ఎదురుగా నిలబడి, చిటికెన వేలెత్తి చూపించాడు.

రాజు కళ్లెర్రజేశాడు. భట్టు వేలు ఇంకా పైకెత్తి రెండు గంతులు వేశాడు.

రాజు చెయ్యెత్తగానే సుత్తులు ఆగాయి. "భట్టూ! నువ్వు కూడానా!"

భటులు వచ్చి రెండు రెక్కలూ పట్టుకున్నారు.

"వేలు ఇప్పుడే నరకమంటారా ప్రభూ?" అన్నాడు తిప్పన్న వినయంగా.

"వద్దు, వద్దు! నాకు శంక, ప్రభూ!" అని భట్టు గోల పెట్టాడు.

"శంకా? నా గొప్పతనం మీదా?"

"అయ్యో, కాదు మహాప్రభూ! లఘుశంక! లఘుశంక!"

తిప్పన్న మెల్లగా అన్నాడు:

"మా మామదీ అదే శంక, మహాప్రభూ. కాకపోతే ఆయనకి సంస్కృతం రాదు."

ముందుగా రాజే నవ్వాడు. కిరీటం పక్కకి ఒరిగిపోయేలా, కళ్లనీళ్లు కారేలా నవ్వాడు. కంచరులు సుత్తులు కింద పడేసి నవ్వారు. లింగబ్రహ్మం వేలూ, ఆరువందల కొలుములూ అక్కడికక్కడే బతికిపోయాయి. రాజు తన మెడలోని ముత్యాల హారం తీసి తిప్పన్న మెడలో వేశాడు.

భట్టు వంక తిరిగి, "ఇక నువ్వు వెళ్లొచ్చు" అన్నాడు.

ఆ మాట పూర్తయ్యేసరికి భట్టు కోట గుమ్మం దాటేశాడు.