పట్టీలో లేని శిఖరం

ఆ కొండల ఊళ్ళో చావడి గోడకు ఒక పట్టీ వేలాడేది. అందులో మూడు శిఖరాల పేర్లు రాసి ఉండేవి. ఎక్కదలచుకున్నవాళ్ళు ఆ మూడింట్లోనే ఒకటి ఎంచుకోవాలి. ఊరికి ఉత్తరాన నాలుగో శిఖరం కూడా ఉంది, మిగతా మూడింటి కన్నా ఎత్తుగా, తల నిండా మంచుతో. కానీ పట్టీలో లేదు కాబట్టి అది లేనట్టే. ఊరివాళ్ళు రోజూ అటు తిరిగే పళ్ళు తోముకునేవారు. బయటివాళ్ళెవరైనా వేలెత్తి చూపిస్తే మాత్రం "మబ్బండీ" అనేవారు.

శిఖరం తర్వాత దారి చూపేవాణ్ణి ఎంచుకోవాలి. అదింకా తేలిక. ఒకసారి జనాన్ని పైకి తీసుకెళ్ళి క్షేమంగా దించితే చావడివాళ్ళు ఒక ఇత్తడి బిళ్ళ ఇస్తారు. ఎవరి మెళ్ళో ఎక్కువ బిళ్ళలుంటే వాళ్ళు గొప్పవాళ్ళు. అందరికన్నా గొప్పాయన నడిచొస్తుంటే గంటలు కట్టిన ఎద్దు వస్తున్నట్టు వీధంతా మోగిపోయేది. ఆ మూడు శిఖరాలకూ పైదాకా మెట్లు చెక్కి ఉన్నాయి కదా, ఇందులో గొప్పేముందని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఊరందరికీ తాళ్ళు పేనేది ఒక అమ్మాయి. తెగిన తాళ్ళూ పురి వదిలిన తాళ్ళూ ఆమె దగ్గరికే వచ్చేవి. తాడు రాతి అంచుకు ఒరుసుకుంటే నడిమధ్యన నూగు లేస్తుంది. ఊరికే భుజాన వేసుకు తిరిగితే చివర్లు మాత్రమే మాస్తాయి. ఎవరు ఎక్కడిదాకా వెళ్ళారో వాళ్ళ నోటితో చెప్పకపోయినా ఆమె వేళ్ళకు తెలిసిపోయేది.

రెండేళ్ళ కిందట ఆమె అన్న నాలుగో శిఖరం ఎక్కడానికి బయలుదేరాడు. ఊరిని ధిక్కరించి వెళ్తూ కూడా, పిచ్చివాడు, ఊరి అలవాటు ప్రకారం మనిషిని మెళ్ళో బిళ్ళలు చూసే ఎంచుకున్నాడు. మూడో రోజున ఆ బిళ్ళలాయన ఒక్కడే దిగొచ్చాడు.

"ఎక్కడికెళ్ళారు?" అని అడిగాడు చావడి పెద్దయ్య.

"ఎక్కడికీ వెళ్ళలేదండీ" అన్నాడు బిళ్ళలాయన.

ఆ జవాబు అందరికీ నచ్చింది. లేని కొండ మీద ఎవరూ చావరు. కాబట్టి ఆమె అన్న చావలేదనీ, పనికి బద్ధకించి పారిపోయాడనీ చావడిలో రాసేశారు. పారిపోయినవాడికి కర్మ చెయ్యకూడదు. వాడి పేరు పెట్టి ఏడవకూడదు. ఏడుపు తన్నుకొచ్చినప్పుడల్లా తల్లి కొంగు నోట్లో కుక్కుకునేది.

కొన్నాళ్ళకు బిళ్ళలాయన తాడు మరమ్మతుకొచ్చింది. నడుమ చిన్న గీత కూడా లేదు. రాయి మొదలైన చోటే ఈయన వెనక్కి తిరిగాడనీ, అన్న ఒక్కడే పైకి వెళ్ళాడనీ ఆమెకు అర్థమైపోయింది. ఆ తాడును అలాగే తిప్పి పంపించింది.

ఊళ్ళో ఒక్కడి తాడు మాత్రం ఏటా నాలుగుచోట్ల పీలికలైపోయి వచ్చేది. అతను ఊరి చివర ఉండే కుంటి ముసలాయన. మెళ్ళో ఒక్క బిళ్ళయినా లేదు. పట్టీలో లేని చోటికి వెళ్ళొస్తే బిళ్ళ ఎవరిస్తారు?

ఒక ఉదయం ఆమె చావడికి వెళ్ళింది. ఊరు ఊరంతా అక్కడే ఉంది.

"ఏ శిఖరమమ్మా?" అన్నాడు పెద్దయ్య, కలం ఎత్తి.

"నాలుగోది."

జనం గొల్లున నవ్వారు. పెద్దయ్య నవ్వలేదు. "దారి చూపేదెవరు?" అన్నాడు.

ఆమె ముసలాయన్ని చూపించింది. ఈసారి బిళ్ళలాయన ముందుకొచ్చాడు, గలగలమంటూ. "మెడ చూస్తే బోడి, కాలు చూస్తే వంకర. ఇతన్ని నమ్ముకునా?"

"మీ మెడ చూసి మా అన్న పోయాడు. నేను తాళ్ళు చూసి ఎంచుకున్నాను" అందామె. బిళ్ళలాయన మొహం మాడిపోయింది.

"వెళ్ళావంటే నీ పేరు ఊరి లెక్కలోంచి కొట్టేస్తాం. నువ్వు పేనిన తాడు ఎవరూ ముట్టరు. తిండి ఎట్లా గడుస్తుందో ఆలోచించుకో" అన్నాడు పెద్దయ్య.

"కొట్టెయ్యండి. చచ్చిపోయినవాణ్ణి చచ్చిపోయాడని చెప్పలేని లెక్కలో నా పేరుంటే ఎంత, లేకపోతే ఎంత?"

వాళ్ళిద్దరూ ఆ పూటే బయలుదేరారు. ముసలాయన కుంటుతూ ముందు నడిచాడు, ఒకే తాడుకు రెండు కొసల్లోనూ ఇద్దరూ. మెట్లు లేవు. చెయ్యి పెట్టిన చోటల్లా రాయి కోసుకుంది. ఆమెకు భయం వేసింది, నిజంగానే వేసింది. భయం వేసినప్పుడల్లా నోటికొచ్చినట్టు చావడిని తిట్టుకుంటూ ఎక్కింది.

"మా అన్న నిన్నెందుకు పిలవలేదు తాతా?" అని ఒకచోట అడిగింది.

"నా గుమ్మం దాకా వచ్చాడమ్మా. నా మెడ చూసి వెళ్ళిపోయాడు."

రెండో రోజు మధ్యాహ్నం, శిఖరం ఇంకా నూరడుగులుందనగా, ఒక బండ నీడలో అన్న కనిపించాడు. మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు, తల మీద మంచు పేరుకుని. ఆమె అతని కాళ్ళ దగ్గర కూలబడి, పేరు పెట్టి గొంతు పగిలేలా ఏడ్చింది. వద్దనడానికి అక్కడెవరూ లేరు. తర్వాత ఇద్దరూ కలిసి అతన్ని రాళ్ళతో కప్పారు.

"ఇక దిగుదామా?" అన్నాడు ముసలాయన.

"వాడు వెళ్ళాలనుకున్న చోటు చూడకుండానా?" అని ఆమె లేచింది.

పైన మనిషెత్తు రాళ్ళగుట్ట ఉంది. అవి ఆ కొండ రాళ్ళు కావు. ఊరి వాగులో నునుపెక్కిన గులకరాళ్ళు, ఎక్కినవాళ్ళు తలా ఒకటి మోసుకొచ్చి పెట్టినవి.

"ఇంతమందా తాతా?"

"దిగొచ్చినవాళ్ళు నోరు మూసుకున్నారు. దిగిరానివాళ్ళు పారిపోయారని చావడిలో రాసేశారు" అన్నాడతను.

నాలుగో రోజు పట్టపగలు వాళ్ళు ఊళ్ళోకి దిగారు. లేని కొండ నుంచి వచ్చే దారి మొదట్లో జనం గుంపుగా నిలబడి ఉన్నారు. తల్లి కూడా ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. అమ్మాయి తల్లి కళ్ళలోకి చూసి "వాణ్ణి చూశానమ్మా. పారిపోలేదు. రాళ్ళు కప్పి వచ్చాను" అంది. జనం పెద్దయ్య వైపు చూశారు.

"అక్కడ కొండ లేదు" అన్నాడు పెద్దయ్య గట్టిగా. "లేని కొండను ఎవరూ ఎక్కలేరు. నీ పేరు కొట్టేశాం."

ఆ మాట అన్నాక అతను వెళ్ళిపోవాలి. వెళ్ళలేదు. మెల్లగా ఆమె దగ్గరికి వచ్చి, పెదవి కదిలీ కదలకుండా అడిగాడు. "గుట్ట అడుగున ఎర్రరాయి ఒకటుండాలి. దాని పక్కనే తెల్లది. ఎర్రది నాది. తెల్లది దిగిరాని మా తమ్ముడిది. ఉన్నాయా?"

ఆమె అతని మొహంలోకి సూటిగా చూసింది. జాలి వేసింది. జాలి కన్నా ఎక్కువగా కోపం వచ్చింది.

"నాకు వినపడలేదు పెద్దయ్యగారూ" అంది. "గట్టిగా అడగండి. అందరూ వినాలి."

పెద్దయ్య జనం వైపు చూశాడు, వాళ్ళ వెనకున్న చావడి వైపు చూశాడు. తర్వాత అడిగాడు, ఊరంతటికీ వినపడేలా, తమ్ముడి పేరు కూడా చెప్పి.

ఆమె జవాబు చెప్పేలోపే జనంలోంచి తల్లి ఏడుపు లేచింది, కొడుకు పేరు పెట్టి. ఆ వెంటనే పక్క వీధి ఇంట్లోంచి ఇంకో ఏడుపు, ఇంకో పేరు పెట్టి. తర్వాత ఆ పక్కింట్లోంచి.