నూకాలు దణ్ణం

అనగనగా ఒక రాజుగారు, ఆ రాజుగారికి ఒక మోజు, ఆ మోజుకి ఒక కోట. ఊ కొట్టండి మరి! గోడకి చెప్పుకోడానికా నేను కూర్చుంది?

రాజుగారు సముద్రం దాటివెళ్ళి దొరల కోటలు చూసొచ్చారు. నాకూ అలాంటిదే కావాలన్నారు. మొనదేలిన వాకిళ్ళు, సూదుల్లాంటి బురుజులు, రంగురంగుల అద్దాల కిటికీలు, చుట్టూ పెద్ద తోట. కట్టమని గవరయ్య మేస్త్రీకి చెప్పారు. ఆయన మా ముత్తాతకి ముత్తాత.

గుండ్రటి కమానైతే మా గవరయ్య కళ్ళు మూసుకుని కట్టేస్తాడు. మొన కమాను ఎప్పుడు చూశాడు కనక! ఒకసారి కట్టాడు, కూలింది. రెండోసారి కట్టాడు, కూలింది. మూడోసారీ కూలింది.

"ఇంకోసారి కూలిందో, ఈ ఊళ్ళో నువ్వుండవు" అన్నారు రాజుగారు.

మర్నాడు పొద్దున్నే, సున్నం గానుగ తిప్పే నూకాలు రోజూలాగే చేతులు జోడించి "దణ్ణం బాబూ" అంది. గవరయ్య ఆ చేతులకేసి చూశాడు. కింద మణికట్ల మధ్య ఎడం, పైన వేళ్ళ మొన. ఒక చెయ్యి ఇంకో చేతిమీద వాలి నిలబడింది. కమాను అలాగే కట్టాడు. నిలబడింది! ఆ సంబరంలో నూకాలు దణ్ణం చూసి కట్టానని అందరి ముందూ నిజం చెప్పేశాడు. అక్కడే చెడింది.

జనం వాకిలి చూసి "నూకాలు దణ్ణం" అన్నారు. కిటికీ చూసి "నూకాలు దణ్ణం" అన్నారు. బురుజు చూసినా అదే మాట. మా గవరయ్యకి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? రాళ్ళు పేర్చింది తను, పేరేమో దానిది!

ఇంక నూకాలు దణ్ణం పెట్టినప్పుడల్లా తనని దెప్పుతోందనుకున్నాడు.

"ఏటే, ఎక్కిరిస్తన్నావా?"

"అయ్యో, నానేటన్నాను బాబూ? రోజూ ఎట్టే దణ్ణమే కదా!"

"ఇంక నాకు దణ్ణమెట్టకు. నా కంటికి కనపడకు. తోటలో మొక్కలకి నీళ్ళు మొయ్యి, పో!"

ఏడ్చుకుంటూ పోయింది. గానుగకి కొత్తవాళ్ళొచ్చారు. సున్నం సరిగ్గా నలగలేదు. ఆ సున్నంతోనే ఆఖరి బురుజు లేచింది.

ఒక మధ్యాహ్నం గవరయ్య ఆ బురుజు కింద నిలబడ్డాడు. పైన గోడ ఉబ్బడం తోటలోంచి నూకాలు చూసింది. "తప్పుకోండి బాబూ!" అని అరిచింది. సుత్తుల మోతలో వినపడలేదు. కుండ పారేసి, రెండు చేతులూ తలమీదికెత్తి దణ్ణం పెట్టింది.

గవరయ్య చూశాడు. "మళ్ళీ అదే దణ్ణం!" అని మొహం తిప్పేసుకున్నాడు. అంగుళం కదల్లేదు.

నూకాలు పరుగెత్తుకొచ్చి ఆయన్ని అవతలికి తోసేసింది. గోడ ఆమె మీద పడింది. గవరయ్య గోళ్ళు ఊడేలా రాళ్ళు లాగాడు.

"తిట్టకండి బాబూ," అంది నూకాలు. "మీకినపడక దణ్ణమెట్టాను." అంతే, ప్రాణం పోయింది.

మర్నాడు గవరయ్య గానుగ దగ్గరికెళ్ళి, సున్నం తిప్పేవాళ్ళకి తనే ముందు దణ్ణం పెట్టాడు.

మా ఊళ్ళో ఇప్పటికీ అంతే. సిమెంటొచ్చినా అంతే. పని మొదలెట్టేముందు మేస్త్రీయే ఇసకా సిమెంటూ వేసి మాలు కలిపే మనిషికి చేతులు జోడించి "నూకాలు దణ్ణం" అనాలి. కోట కట్టిన మేస్త్రీ పేరడగండి, మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఒక్కడికీ తెలీదు. నేనూ మేస్త్రీనే. కడుపు మండుతూనే ఉంటుంది. రోజూ పెడతాను.