దూది బండికి చోటు

2007వ సంవత్సరం, చలికాలం. ఊళ్లలో జనం పాత పరుపులు విప్పి దూది ఏకించుకునే రోజులు. ఒక సాయంత్రం కంబగిరి తన గురువు సిద్ధప్ప స్వామిని ఇలా అడిగాడు: "స్వామీ, పద్ధతి తప్పకుండా నడిచేవాడికి ఇంకా తెలియాల్సింది ఏమైనా ఉందా?"

కంబగిరి కోర్టులో గుమాస్తాగా చేసి దిగిపోయిన మనిషి. లంచం ముట్టలేదు, పక్కవాణ్ణీ ముట్టనివ్వలేదు. కనుక ఆ ప్రశ్నలో కొంత గర్వం ఉంది. స్వామికి అది తెలియకపోలేదు. అయితే ఆయన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. కళ్ల ముందు ఏది జరుగుతుంటే దానివైపు చూపించి ఊరుకునేవాడు. ఆ రోజు సందు మొగలో ఒక దూది బండి నిలబడి ఉంది.

అది పాత వ్యాను. సగంలో దూది ఏకే మిషను, మిగతా సగంలో సంసారం. ముసలాయన పేరు మౌలాలి. కొడుకు దస్తగిరి బండి తోలుతాడు, కోడలు ఫక్కీరమ్మ పరుపులు కుడుతుంది. పగలు ఊరూరూ తిరిగి పనిచేసి రాత్రి ఆ బండిలోనే పడుకుంటారు. పొద్దు గూకేలోపు బండి తీసేయమని వీధివాళ్లు చెప్పారు. ముందటేడు ఎవరిదో దూది అంటుకుని రెండిళ్లు కాలిపోయాయి. వాళ్ల భయం అబద్ధమని నేననను. స్వామి ఇల్లున్న సందులో బండి పట్టదు.

మౌలాలికి ఊపిరి బాగాలేదు. జన్మంతా దూది ధూళి పీల్చినవాడు. బండి కుదిపితే దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. బండి ఎక్కడో ఒకచోట నిలబడి, ఆయన పరుపులకు ఆనుకుని కూర్చుంటేనే గాలి ఆడేది. నువ్వయినా మా ఇంట్లో పడుకోమని స్వామి పిలిచాడు. ముసలాయన రాలేదు. వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. రాత్రికి బండి నిలిపే చోటు అందరిలోకీ పెద్దవాడే దిగి అడగాలి. తలగుడ్డ తీసి, నిలబడి అడగాలి. జవాబు వచ్చేదాకా కూర్చోకూడదు. చోటు కుదిరేదాకా బండి విడవకూడదు.

ఆ కట్టుబాటు కంబగిరికి ఎంతో నచ్చింది. ఇంత పద్ధతిగా అడిగేవాళ్లకు చోటు లేకుండా పోతుందా, నేను వెంట వెళ్లి ఇప్పించి వస్తానన్నాడు. స్వామి సరే వెళ్లమన్నాడు.

మొదట పెట్రోలు బంకు దగ్గర ఆపారు. దూదికీ పెట్రోలుకీ పొత్తేమిటని బంకువాడు మందలించి పంపించాడు. అది న్యాయమేనన్నాడు కంబగిరి. తర్వాత మార్కెట్ యార్డు. లోపల ఎకరాల కొద్దీ నేల ఖాళీగా ఉంది. పంట తెచ్చిన రైతుల బండ్లకు తప్ప గేటు తీయకూడదని అక్కడి నిబంధన. కాపలావాడు మౌలాలిని పైనుంచి కిందికి చూసి, "పరుపులు కాసే చేను ఏదన్నా ఉంటే పట్టా తీసుకురా తాతా, గేటు తీస్తా" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. మౌలాలి కూడా నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. మళ్లీ బండి ఎక్కడానికి కొడుకు భుజం పట్టాల్సి వచ్చింది.

మూడోది మూతపడ్డ పత్తి జిన్నింగు మిల్లు. అక్కడి వాచ్‌మన్ ముసలాయన మాట పూర్తి కానివ్వలేదు. గోడ వెనక పెట్టుకోండి, తెల్లారి పోదురు గానీ, నేను చూడలేదనుకోండి అన్నాడు. దస్తగిరి ఇంజను ఆపేశాడు. ఫక్కీరమ్మ మామకు వీపు వెనక పరుపు సర్ది, నీళ్లు కాచడానికి చెంబు తీసింది. మౌలాలికి ఊపిరి కొంచెం కుదుటపడింది.

అప్పుడు కంబగిరి వాచ్‌మన్‌ను, ఓనరు ఒప్పుకున్నాడా అని అడిగాడు.

"ఓనరు యాడున్నాడప్పా? ఆయప్ప ఈ మిల్లు మొహం చూసి ఎన్నాళ్లాయనో."

అయితే ఇది అనుమతి కాదు, దొంగతనంగా ఉండడం అన్నాడు కంబగిరి. రేపు ఎవరన్నా అడిగితే నీ ఉద్యోగం పోతుంది, వీళ్లమీద కేసు అవుతుంది, పక్క ఊరి సర్పంచి నాకు తెలుసు, నోటితో అడిగి దర్జాగా ఉందాం అని నచ్చజెప్పాడు. వాచ్‌మన్ బీడీ వెలిగించుకున్నాడు. ఫక్కీరమ్మ చెంబు పట్టుకుని అలాగే నిలబడింది.

దస్తగిరికి కోపం వచ్చింది. "నాయనా, ఉండమన్నాడు గదా ఆ మనిషి. ఇంగ ఎవుర్ని అడగాల?"

మౌలాలి కంబగిరి ముఖంలోకి చూశాడు. కంబగిరి అన్నది ముసలాయన తన పెద్దల దగ్గర విన్న మాటే. దాన్ని కాదనలేకపోయాడు. "అయ్య చెప్పింది నిజమే. ఇచ్చే హక్కున్నోడు ఇయ్యాల" అని పరుపు వదిలి ముందుకు జరిగి కూర్చున్నాడు. చెంబు మళ్లీ లోపలికి పోయింది.

పక్క ఊరికి వెళ్లే దారి గుంతల దారి. సర్పంచి ఇంటి ముందు బండి ఆగేసరికి ముసలాయన పెదవులు నల్లబడ్డాయి. నేనే వెళ్లి చెప్తానన్నాడు కంబగిరి. దస్తగిరి కూడా దిగొద్దని బతిమాలాడు. మౌలాలి వినలేదు. దిగి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, వాకిలి ముందు నిలబడ్డాడు. అయ్యగారు అన్నం తింటున్నారు, ఉండమని లోపలినుంచి కబురొచ్చింది. అరుగు మీద కూర్చోమని ఆ ఇంటి ఆడమనిషి పీట కూడా వేసింది. ఆయన కూర్చోలేదు. అది వాళ్ల పద్ధతి అని ఆమెకు కంబగిరే చెప్పాడు. ఆ చెప్పడంలో కొంత మెచ్చుకోలు కూడా ఉంది.

సర్పంచి భోజనం ముగియకముందే మౌలాలి మోకాళ్లమీద కూలి, పక్కకు ఒరిగిపోయాడు. కేకలు విని సర్పంచి ఎంగిలి చేత్తోనే బయటికి వచ్చాడు. సంగతి తెలుసుకుని బాధపడ్డాడు. "ఇంతదానికి అడగాల్నా? యాడన్నా పెట్టుకోండప్పా, వద్దనేదెవరు?" అన్నాడు.

బండి ఆ రాత్రి ఆ ఊళ్లోనే నిలిచింది.

మరునాడు మట్టి చేసి వచ్చాక కంబగిరి స్వామి ముందు కూర్చున్నాడు. దస్తగిరి తనను ఒక్క మాట కూడా అనలేదని, ఫక్కీరమ్మ మాత్రం తన వైపు చూడలేదని చెప్పాడు. బంకు దగ్గరినుంచి సర్పంచి వాకిలి దాకా జరిగింది జరిగినట్టు చెప్పుకొచ్చాడు, కోర్టులో చెప్పినట్టు, ఏదీ దాచకుండా. ఆఖరుకి కంబగిరి ఇలా అడిగాడు:

"స్వామీ, నేను ఎక్కడ పద్ధతి తప్పాను?"

"ఎక్కడా తప్పలేదు కంబగిరీ," అన్నాడు స్వామి. "మౌలాలి చనిపోయాడు."