పదిహేడో నంబరు బోర్డు

బ్యూలా రాసింది నిజమే. ఆ నిజం కింద ఒక్క సంతకం పెడితే ఒక చెట్టు పడిపోతుంది. ఆ సంతకం పెట్టడానికి పిల్లకు చెయ్యి ఆడటం లేదు.

ఒంగోలులో ఒక పెద్ద బట్టల కొట్టు ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో దానికి ఇంకో ఎనిమిది కొట్లున్నాయి. బట్టలు అమ్మేవాళ్ళంతా కింద ఉంటారు. పై అంతస్తులో ఒక గది ఉంది, అందులో పనిచేసేవాళ్ళు బట్ట ముట్టుకోరు. ఏ పేపర్లో ప్రకటన వేయాలి, ఏ రోడ్డు మీద బోర్డు కట్టాలి, మైకు కట్టిన ఆటో ఏ పేటలో తిరగాలి అని పొద్దస్తమానం ఆలోచించడమే వాళ్ళ పని. దాన్ని మీడియా ప్లానింగ్ అంటారట. మనుషుల కళ్ళు ఎటు తిరుగుతాయో ముందే కనిపెట్టడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారంటే, లోకంలో ఎన్ని పనులున్నాయో చూడండి.

బ్యూలా ఎంబీఏ చదువుతూ ఆ గదికి వేసవి ఇంటర్న్‌గా వచ్చింది. ఎనిమిది వారాలు పనిచేసి, మేనేజరు చక్రధర్ గారి చేత పని బాగా చేసిందని కాగితం రాయించుకుని వెళ్ళాలి. ఆ కాగితం లేకపోతే ఆ ఏడు చదువు పూర్తి కానట్టే.

ఆమెకు పని నేర్పమని ఖాదర్ మస్తాన్ గారికి అప్పజెప్పారు. ఆయన్ని ఆఫీసులో అందరూ ఉస్తాద్ అంటారు. ఫ్లెక్సీలు రాకముందు ఆ కొట్టు పేరు ఊళ్ళో గోడలన్నిటి మీదా కుంచెతో రాసింది ఆయనే. గోడ రాతలు పోయాయి, రంగు డబ్బాలు పోయాయి. ఆయన్ని మాత్రం పెద్ద యజమాని పోనివ్వలేదు. ఉస్తాద్ తక్కువ మాట్లాడతారు. నేర్పేది కూడా తక్కువేనేమో అని మొదటి వారంలోనే బ్యూలాకు అనుమానం వచ్చింది.

ఊళ్ళో కొట్టు వాళ్ళ బోర్డులు నలభై ఒకటి ఉన్నాయి. వాటిని కట్టిన ఏజెన్సీ వాళ్ళు ఫోటోలు పంపుతారు. ఆఫీసులో కూర్చుని ఆ ఫోటోలు చూసి, బోర్డు చూశాం, బాగుంది అని రాసి పంపడం అక్కడి అలవాటు. బ్యూలా ఒప్పుకోలేదు. చూడనిదాన్ని చూశానని ఎట్లా రాస్తానంది. పాతవాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు. కొత్త చీపురు బాగా ఊడుస్తుందిలే అన్నారు.

పిల్ల పంతం పట్టింది. స్కూటీ వేసుకుని, ఎండెక్కక ముందే బయల్దేరి, రోజుకు నాలుగేసి చొప్పున నలభై ఒకటీ చూసొచ్చింది. ఒక్కోదానికి ఒక కాగితం రాసింది. పదిహేడో నంబరు బోర్డు కాగితంలో, "అడ్డు ఏమిటి" అనే గడిలో, "కానుగ చెట్టు. సగం బోర్డు కనిపించదు" అని రాసింది.

చక్రధర్ గారు ఆ కాగితాన్ని మీటింగులో ఎత్తి చూపించారు. శివరాత్రి నుంచి సగం బోర్డును పెట్టుకుని మురుస్తున్నామని, ఈ అమ్మాయి వచ్చేదాకా ఈ గదిలో ఒక్కరికీ కళ్ళు లేవని అందరినీ చెరిగేశారు. బ్యూలాకు ఆ పూట కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఉస్తాద్ ఒక్కటే అడిగారు.

"ఎన్నింటికి చూశావమ్మా?"

"పొద్దున ఏడింటికి, ఉస్తాద్."

ఆయన తలూపి తన పనిలో పడ్డారు. ఒక్క మెచ్చుకోలు మాటయినా అనలేదని పిల్లకు లోలోపల కోపం కూడా వచ్చింది.

వారం తిరక్కుండా ఏజెన్సీ మనిషి కోటేశు వచ్చాడు. మంచి ఉషారు మీద ఉన్నాడు. ఆషాఢం తగ్గింపుల బోర్డు ఎక్కించేలోగా పదిహేడో నంబరు దగ్గర చెట్టు కొట్టించేస్తామన్నాడు. శనివారం మనుషుల్ని పెడితే ఆదివారానికి మొద్దు కూడా కనిపించదట. మేడం గారు రాసిన కాగితమే ఉంది కదా, దాని కింద ఒక సంతకం చేసిస్తే చాలన్నాడు. రేపు ఎవరన్నా గొడవకొస్తే, కంపెనీ వాళ్ళే చూసి అడ్డని చెప్పారని చూపించుకోవాలి. చూసొచ్చిన మనిషి సంతకం లేనిదే చెట్టు మీద చెయ్యి వెయ్యనని కూడా చెప్పాడు. సాయంత్రంలోగా పెట్టిచ్చేయమని చక్రధర్ గారు లోపలినుంచే కేకేశారు.

బ్యూలా కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. రాసింది తనే. అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి. అవే అక్షరాలు ఇప్పుడు గొడ్డలి పట్టుకుని నిలబడినట్టున్నాయి.

కాగితం తీసుకుని ఉస్తాద్ దగ్గరికి వెళ్ళింది.

"నేను రాసింది అబద్ధమా, ఉస్తాద్?"

"కాదు."

"అయితే సంతకం పెట్టేయమంటారా?"

ఉస్తాద్ గోడ గడియారం వంక చూశారు. పన్నెండున్నర అయింది. లేచి, టోపీ సర్దుకుని, బండి తియ్యమన్నారు.

మే నెలలో ఒంగోలు ఎండ ఎట్లా ఉంటుందో ఎరగనివాళ్ళకు చెప్పడం కష్టం. పదిహేడో నంబరు బోర్డున్న కర్నూలు రోడ్డు సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి తారు మీద ఆవిర్లు లేస్తున్నాయి. ఎర్రలైటు వెలుగుతోంది. బ్యూలా బండి నెమ్మది చేసి ముందుకు చూసింది. చూసి ఆశ్చర్యపోయింది.

బళ్ళు ఆగాల్సిన తెల్లగీత దగ్గర ఒక్క బండీ లేదు. గీతకు నలభై అడుగుల ఇవతల, కానుగ చెట్టు నీడ ఎంత మేర పడిందో సరిగ్గా అంత మేర, బళ్ళన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఆగి ఉన్నాయి. నీడ అంచు ఎక్కడో బళ్ళ అంచు అక్కడ. గీసినట్టుంది. వెనకాల కారాయన హారన్ కొట్టి కొట్టి, ముందంతా ఖాళీయే కదా, జరగండయ్యా అంటున్నాడు. పాల క్యాన్ల బండి మీదున్నాయన వెనక్కి తిరక్కుండానే, నీకు లోపల ఏసీ ఉంది, పోయి నువ్వే ఆ గీత మీద కూర్చో అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరూ జరగలేదు.

చెట్టు మొదట్లో వెంగమ్మ సుగంధి సోడా బండి ఉంది. ఆటో కోసం చూసేవాళ్ళు పదిమంది దాకా ఆ నీడలోనే ఉన్నారు. ఒకామె చంకలో బిడ్డకు కొంగుతో విసురుతోంది. ఆ రోజు పొద్దున ఏడింటికి బ్యూలా వచ్చినప్పుడు ఇక్కడ చెట్టూ, అప్పుడే బండి సర్దుకుంటున్న వెంగమ్మా తప్ప ఎవరూ లేరు.

ఉస్తాద్ బండి పక్కన పెట్టించి, రోడ్డు వారగా ఆమెను తెల్లగీత దాకా నడిపించుకుపోయారు. అక్కడి నుంచి చూస్తే ఏ కొమ్మా అడ్డం రాదు. ఎదురుగా మేడ మీద కట్టిన బోర్డు అంతా కనిపిస్తుంది.

"చెట్టు కొట్టేశారనుకో. ఇక్కడ నిలబడి మన బోర్డు చదువు," అన్నారు.

ఆయన మాత్రం వెనక్కి వెళ్ళి చెట్టు కింద నిలబడ్డారు.

బ్యూలా తలెత్తింది. తెల్ల ఫ్లెక్సీ మీద పడ్డ ఎండ తిరిగొచ్చి కళ్ళల్లో కొట్టింది. చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెళ్ళిపట్టుచీర కట్టిన అమ్మాయి బొమ్మ ఉందని తెలుసు, మొహం మాత్రం ఆనలేదు. ఒక్కో అక్షరం మనిషంత ఉంది. మనిషంత అక్షరం కూడా చదవడానికి లొంగకుండా పోవడం ఆమె ఎన్నడూ ఎరగదు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తల దించుకుంది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ దించుకుంది. చెప్పుల్లోంచి వేడి అరికాళ్ళకు పాకింది.

కాసేపటికి ఒంటికి చల్లగాలి తగిలింది. చూసుకుంటే చెట్టు కింద ఉంది. ఎప్పుడు నడిచొచ్చిందో ఆమెకే తెలియదు.

"చదివావా?" అన్నారు ఉస్తాద్.

"లేదు. తలెత్తలేకపోయాను."

వెంగమ్మ ఆమెను గుర్తుపట్టింది. మొన్న పొద్దున్నే వచ్చి ఫోటోలు తీసుకుపోయిన పిల్లవి నువ్వే కదా అంటూ సోడా కొట్టి చేతిలో పెట్టింది. నిన్న ఎవరో వచ్చి మొద్దు చుట్టూ తాడు చుట్టి కొలుచుకుని పోయారని చెప్పింది. ఎందుకు కొలిచారో అడక్కుండానే తెలిసిపోయిందట.

"ఏమ్మే, ఆకు రాలి బోసిగా ఉన్నప్పుడొచ్చి బోర్డు కట్టుకుంటిరి. ఆకు వచ్చాక చెట్టుదే తప్పంటారా? మీ అంత పెద్ద కొట్లో ఉగాది ఒకటి వస్తదని ఎవురికీ తెలవదా?"

బ్యూలా చేతిలో సోడా నురుగు అణిగిపోయింది, తాగలేదు.

పచ్చలైటు పడింది. బళ్ళు కదిలిపోయాయి. మళ్ళీ ఎర్రలైటు పడింది. కొత్తగా వచ్చిన బళ్ళు కూడా ఎవరూ చెప్పకుండానే వచ్చి నీడలో ఆగాయి. మొహానికి గుడ్డ చుట్టుకున్న ఒక పిల్ల, గుడ్డ విప్పి చెమట తుడుచుకుని, చెట్టులోకి తలెత్తి చూసింది.

"చెట్టు కొట్టేస్తే బోర్డు బాగా కనిపిస్తుంది," అన్నారు ఉస్తాద్. కాస్త ఆగి, "ఎవరికి?" అన్నారు.



ఆఫీసుకు వచ్చాక బ్యూలా మొహం కూడా కడుక్కోలేదు. పదిహేడో నంబరు కాగితం తీసి, "అడ్డు ఏమిటి" అనే గడిలో కానుగ చెట్టును అడ్డంగా కొట్టేసింది. దాని కింద, "చెట్టుకు మన బోర్డు అడ్డు. బోర్డు తీసేయాలి" అని రాసింది. సంతకం పెట్టింది. తేదీ వేసి, పక్కనే చూసిన వేళ మధ్యాహ్నం ఒంటిగంట అని కూడా వేసింది. తీసుకెళ్ళి చక్రధర్ గారి బల్ల మీద పెట్టింది.

ఆయన చదివి ముందు నవ్వారు. పిల్లచేష్ట అనుకున్నారు. బ్యూలా నవ్వకపోయేసరికి ఆయన నవ్వు కూడా ఆగిపోయింది. ఓర్పుగానే చెప్పి చూశారు. బోర్డు ఏడాదికి మాట్లాడుకున్నదని, ఊళ్ళో చెట్లకేం కొదవ లేదని, చూసింది రాయడం వరకే ఇంటర్న్ పని అని చెప్పారు.

"చూసిందే రాశాను సార్."

"ఇది మార్చి రాయి."

"మార్చే రాశాను సార్."

గాజు తలుపు అవతల కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. చక్రధర్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఇంకో మూడు వారాల్లో ఆమె కాలేజీ కాగితం ఇదే బల్ల మీదికి వస్తుందని, దాని మీద ఏం రాయాలో తనే రాయాలని మెల్లగా గుర్తుచేశారు.

బ్యూలా చేతులు వెనక్కి కట్టుకుంది.

"రాయకపోతే పోనివ్వండి సార్. వచ్చే వేసవికి ఇంకోచోట మొదట్నుంచీ చేసుకుంటాను. ఆ చెట్టు అడ్డని మాత్రం నా చేత్తో సంతకం పెట్టను."

చక్రధర్ గారికి కోపం వచ్చింది. ఎర్ర పెన్ను మూత తీసి, ఆ రెండు మాటల మీద పెట్టబోయి ఆగారు. కింద సంతకం ఆమెది. ఆయన కొట్టేస్తే ఆ కాగితం కోటేశుకు పనికిరాదు. తలెత్తి చూస్తే గుమ్మంలో ఉస్తాద్ నిలబడి ఉన్నారు.

ఇదేనా మీరు నేర్పింది అని ఆయన్ని నిలదీశారు. ఆ మాట కొట్టెయ్యమని మీరైనా చెప్పండి, మీ మాట వింటుంది అన్నారు.

ఉస్తాద్ బ్యూలా వంక చూడలేదు. ఎర్ర పెన్ను వంకా చూడలేదు. కిటికీకి వేసిన దళసరి తెర దగ్గరికి వెళ్ళి ఒక పక్కకు లాగారు. చల్లటి గదిలోకి, బల్ల మీది కాగితం దాకా ఎండ వచ్చి పడింది.

"అక్కడ నిలబడి రాసింది సార్," అన్నారు. "కొట్టెయ్యాలన్నా అక్కడ నిలబడే కొట్టెయ్యాలి."