జిల్లేడాకు పరీక్ష

ఒకానొక రాజుగారి ఆస్థాన వైద్యుడు సోమనాథయ్య ఏ కొత్త మందు నూరినా ముందు మేకకే తాగించేవాడు. "మేకకు పడితే ప్రభువుకూ పడుతుంది" అనేవాడు. అలా కాపరి బీరప్ప మందలో పదకొండు పోయాయి. ఇక మిగిలిన ఒక్కదాన్నీ, వెన్నెల ముద్దలాంటి చూలు మేక చుక్కని, తోలుకు రమ్మని కబురొచ్చింది.

అలసిన కాళ్లీడ్చుకుంటూ బీరప్ప కొలువుకొచ్చి, రాజు ఎదుటే చుక్కకి జిల్లేడాకులు పెట్టాడు. అది కరకర నమిలేసింది.

"దీనికి పడ్డాయి, అయ్యగారూ. ఇక తమరూ రెండాకులు తినండి" అన్నాడు పక్కనే ఉన్న వైద్యుడితో.

"చంపుతావట్రా? అది విషం! మేక ఒళ్లు వేరు, మనిషి ఒళ్లు వేరు!" అని అరిచాడు వైద్యుడు.

"మరి నా మేకలెందుకు చచ్చినట్టు, సామీ?"

రాజు తల దించుకుని, "దాన్ని వదిలెయ్యండి" అన్నాడు.

బీరప్ప నవ్వలేదు. వైద్యుడి దొడ్లో మిగిలిన పదకొండు తాళ్లూ భుజాన వేసుకుని, చుక్క వెనకాలే ఇంటికి నడిచాడు.