ఎనిమిది కోర్లు, ఒక అవ్వ

నాగవేణి ఆ అట్టపెట్టెను రెండు చేతులా పొదివి పట్టుకొని వస్తుంటే, పసిబిడ్డను తెస్తోందేమో అనుకున్నారు బజారులో వాళ్ళు.

"వచ్చేసింది ఉస్తాద్! వచ్చేసింది!"

ఉస్తాద్ షేక్ దస్తగిరి ముప్పై ఏళ్ళుగా ప్రొద్దుటూరులో నెట్‌వర్క్ పని చేస్తున్నాడు. ఊళ్ళో సగం ఇళ్ళకు తీగ లాగిన చెయ్యి ఆయనది. ఎక్కువ మాట్లాడడు. మాట్లాడాలంటే ముందు టీ గ్లాసు కింద పెట్టాలి. ఆ గ్లాసు పెట్టుకోవడానికి బల్ల మీద ఎప్పుడూ ఒక నల్ల డబ్బా ఉంటుంది.

నాగవేణి ఒక ఇంటర్నెట్ కంపెనీలో ఉద్యోగం మానేసి, పని నేర్చుకుంటానని ఆయన దగ్గరికి వచ్చి రెండేళ్ళయింది. మహా తెలివైంది. ఆ సంగతి ఆమెకు కూడా తెలుసు, అదే కొంచెం చిక్కు.

ఈ మధ్యనే ఉస్తాద్ మొదటిసారి ఒక ఇంటిని పూర్తిగా ఆమె చేతిలో పెట్టాడు. అది డాక్టర్ వకుళగారి ఇల్లు.

వకుళగారు నరాల డాక్టరు. రోడ్డు ప్రమాదంలో కాలు నుజ్జయింది. ఆరు నెలలుగా ఇంట్లో మంచం పక్కనే బల్ల వేసుకొని పని చేస్తున్నారు. మైదుకూరులోనో బద్వేలులోనో ఎవరికైనా పక్షవాతం వస్తే, తలకు తీసిన స్కాన్ ఆమెకు పంపుతారు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ వెయ్యాలా వద్దా అనేది ఆమె చూసి చెప్పాలి. ఎంత ఆలస్యమైతే మనిషికి అంత నష్టం. చెయ్యి పోవచ్చు, మాట పోవచ్చు.

అందుకే ఆసుపత్రివాళ్ళు ఒక మాట చెప్పేశారు. గురువారం పదకొండు గంటలకు ఒక స్కాన్ పంపి చూస్తాం, అర నిమిషంలో మీ దగ్గర తెరుచుకోవాలి, లేదంటే ఈ పని బెంగళూరులో ఒక కంపెనీకి ఇచ్చేస్తాం అని.

ఇంటికి రెండు గిగాబిట్ల కొత్త లైను వచ్చింది. ఇక కావలసింది లైనుకూ ఇంటికీ మధ్య కాపలా కాసే ఫైర్‌వాల్ పెట్టె. వచ్చేదాన్నీ పోయేదాన్నీ చూసి వదిలేది అదే. పైగా ఆసుపత్రి నుంచి స్కాన్ ఊరికే రాదు. రోగి వివరాలు దారిలో ఎవరి కంటా పడకుండా తాళం వేసి పంపుతారు. ఇక్కడ ఆ తాళం తీసేది కూడా ఈ పెట్టే.

ఏ పెట్టె కొనాలో నాగవేణి వారం రోజులు వెదికింది. ఇదిగో, ఇప్పుడది చేతికొచ్చింది.

"ఆరు పోర్టులు ఉస్తాద్, ఒక్కొక్కటీ పది గిగాబిట్లు. ఏనుగైనా దూరిపోతుంది! మెమరీ ముప్పైరెండు జీబీ. ఇంక లోపల చూడండి, ఎనిమిది కోర్లు!"

కోర్లంటే పెట్టె లోపల పని చేసే మనుషులు అనుకోండి. ఎనిమిది కోర్లంటే ఎనిమిదిమంది.

ఉస్తాద్ గ్లాసును నల్ల డబ్బా మీద పెట్టాడు.

"ఎనిమిది కోరలా? అబ్బో! ఒక్కటైనా కరుస్తుందా పాపా?"

"కోరలు కాదు ఉస్తాద్, కోర్లు!" అని ఆమె పడీపడీ నవ్వింది. ఉస్తాద్ కూడా నవ్వి గ్లాసు అందుకున్నాడు.

మంగళవారం పొద్దున పెట్టె బిగించింది. నీలం లైటు వెలిగింది. లైను వేగం కొలిచి చూస్తే రెండు గిగాబిట్లకు రెండూ వచ్చాయి. వకుళగారు మంచం మీద నుంచే చప్పట్లు కొట్టారు.

"ఇంకేం, ఒకసారి స్కాన్ పంపమందాం మేడం!"

ఆసుపత్రివాళ్ళు పంపారు. తెర మీద గీత కదిలింది. కదులుతోంది. ఇంకా కదులుతూనే ఉంది. రెండున్నర నిమిషాలకు స్కాన్ తెరుచుకుంది.

మళ్ళీ పంపమన్నారు. మళ్ళీ రెండున్నర నిమిషాలే.

నాగవేణి పెట్టె పని ఎట్లా ఉందో తెర మీద చూసింది. పని భారం పన్నెండున్నర శాతం. వందకు పన్నెండున్నర! పెట్టె గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంది. అయితే తప్పు దీనిది కాదు. ఆసుపత్రికి ఫోన్ చేసి గొడవ పడింది. "మా వైపు ఏమీ లేదమ్మా, నిన్న ఇంకో డాక్టరుగారికి ఇదే స్కాన్ ఇరవై సెకన్లలో పోయింది" అన్నారు వాళ్ళు. తీగలన్నీ మార్చింది. పెట్టెను ఆపి మళ్ళీ వేసింది. సాయంత్రం దాకా అదే వరస.

వకుళగారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"చూడు వేణీ, కాలు పోయిందని నేను ఏడవలేదు. ఇది పోతే మాత్రం ఏడుస్తాను" అన్నారు.

బుధవారం పదింటికల్లా నాగవేణి ఉస్తాద్ ఎదుట నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"లైను బాగుంది ఉస్తాద్. ఆసుపత్రి బాగుంది. పెట్టెకైతే పనే లేదు, పన్నెండున్నర శాతం! అన్నీ బాగుంటే స్కాన్ ఎందుకు రాదు? రేపే పరీక్ష. నాకు పిచ్చెక్కుతాండాది."

"ఎంతన్నావ్?"

"పన్నెండున్నర."

"సరిగ్గానా?"

"సరిగ్గా. పెరగదు, తగ్గదు."

ఉస్తాద్ లేచి అలమార తెరిచాడు. చక్కెర పొట్లం ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"దర్గాలో ఉరుసు జరుగుతాండాది గదా. ఈ చక్కెర చదివించుకొని రా. పది నిమిషాల్లో రావాల."

మా వైపు దర్గాకు పోయేవాళ్ళు, ఏ మతం వాళ్ళైనా, చక్కెర తీసుకుపోతారు. దర్గా చూసుకునే ముజావర్ దాని మీద ఫాతెహా ప్రార్థన చదివి, కొంచెం తీసుకొని, మిగతాది తిరిగి ఇస్తాడు. దాన్నే చదివింపు అంటారు.

నాగవేణికి ఒళ్ళు మండింది.

"రేపు పరీక్ష పెట్టుకొని ఇప్పుడు చక్కెరా ఉస్తాద్!"

"పది నిమిషాలు" అన్నాడు ఉస్తాద్, గ్లాసు ఎత్తుకుంటూ. ఆయన గ్లాసు ఎత్తుకున్నాడంటే ఇంక మాట లేదు.

దర్గా బజారు చివరనే. వాకిలి చాలా పెద్దది. గంధం ఊరేగింపులో ఏనుగు దాని కిందినుంచే లోపలికి పోతుంది. అయినా వాకిలి ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. లోపల చూస్తే ముక్కాలు భాగం ఖాళీ! ఒక్కొక్కరుగా, తీరిగ్గా లోపలికి పోతున్నారు.

అయిదు నిమిషాలైంది. పది అయింది. నాగవేణి మునికాళ్ళ మీద లేచి చూసింది.

వాకిట్లో పచ్చ బ్యాడ్జీలు పెట్టుకొని కమిటీవాళ్ళు నిలబడి ఉన్నారు. మంచి బలమున్న కుర్రకారు, కండలు తిరిగిన వాళ్ళు. "ఇట్ల రండి, అట్ల పోండి" అని చేతులు ఊపడం తప్ప వాళ్ళకు వేరే పని లేదు. ఒకాయన ఆవలిస్తున్నాడు. వాళ్ళ కాళ్ళ దగ్గర గోనెపట్ట మీద ఒక అవ్వ కూర్చొని చెప్పులు తీసుకుంటోంది. ఒక జత తీసుకొని, వరసలో పెట్టి, సంచిలో చెయ్యి పెట్టి, రేకు బిళ్ళ వెదికి, దాని మీద అంకె కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చూసి, ఇస్తోంది. ఆ తరువాతే ఇంకో జత.

"ఏమన్నా, ఇంతమంది ఉండారే! మీరూ తలా కొన్ని తీసుకోకూడదా?" అని నాగవేణి కేక వేసింది.

"ఎట్ల తీసుకుంటామమ్మా? బిళ్ళల సంచి ఒకటే. వరస తప్పితే ఒకరి చెప్పులు ఇంకొకరికి పోతాయి" అన్నాడు ఆవలించినాయన.

"మరి మీరెందుకు ఇక్కడ?"

"మేముంటే బాగుంటాదని."

జనం నవ్వారు. నాగవేణి కూడా నవ్వబోయింది. ఆమె వంతు వచ్చింది. చెప్పులు విడిచింది. అవ్వ బిళ్ళ వెదుకుతోంది. ఊరికే ఉండలేక నాగవేణి బ్యాడ్జీలు లెక్కపెట్టింది.

ఏడు.

అవ్వ కొంగుకు కూడా ఒక పచ్చ బ్యాడ్జీ ఉంది.

ఎనిమిది!

ఎనిమిదిమందిలో పని చేసేది ఒక్కరు. ఎనిమిదో వంతు. వందలో ఎనిమిదో వంతంటే...

"పన్నెండున్నర!" అని అరిచింది.

"కాదమ్మా, నీది నూటనలభై మూడు" అంది అవ్వ బిళ్ళ చాపుతూ.

"పన్నెండున్నర అవ్వా! పన్నెండున్నరే! అయ్యో నా తెలివి తెల్లారినట్టే ఉంది!" అంటూ నాగవేణి అవ్వ గడ్డం పట్టుకొని ముద్దు పెట్టుకుంది. బిళ్ళ తీసుకోలేదు. లోపలికీ పోలేదు. వెనక్కి తిరిగి, కాలే రోడ్డు మీద ఉత్త కాళ్ళతో పరుగు తీసింది.

అంగట్లోకి వచ్చి పడేసరికి ఊపిరి ఆడడం లేదు.

"వేగం కొలిచినప్పుడు తాళం లేదు ఉస్తాద్! తాళం వేసిన దారి ఒక్కటే! వచ్చేది వరసగా రావాల, అందుకని దాన్ని తీసేది ఒక్క కోరే! తక్కిన ఏడూ చేతులు కట్టుకొని నిలబడి ఉండాయి! పెట్టె ఖాళీగా లేదు, లోపల ఒక్కటి చస్తాండాది!"

ఉస్తాద్ ఆమె కాళ్ళ వైపు చూశాడు.

"చెప్పులేవి?"

"అవ్వ దగ్గర."

"చక్కెర?"

నాగవేణి చేతిలో పొట్లం అట్లాగే ఉంది. నాలుక కరుచుకుంది.

"చదివించలేదు ఉస్తాద్. మళ్ళీ పోయి..."

"రేపు చూద్దాంలే" అని ఆయన పొట్లం తీసుకొని బల్ల మీద పెట్టాడు. డబ్బా మీది గ్లాసును కూడా తీసి పక్కన పెట్టాడు. ఆ నల్ల డబ్బాను బల్ల మీద ముందుకు తోశాడు.

రెండేళ్ళుగా రోజూ చూస్తున్న డబ్బా అది. టీ మరకలు గుండ్రంగా పడి ఉన్నాయి. దాన్ని ఆమె ఎప్పుడూ తిప్పి చూడలేదు. ఇప్పుడు తిప్పి, వెనకున్న నంబరు చూసి, కంప్యూటర్లో వివరాలు తీసింది. నాలుగే పోర్టులు, ఒక్కోటి రెండున్నర గిగాబిట్లు. ఇంట్లో లైను రెండే కదా, చాలు. నాలుగే కోర్లు. కానీ ఒక్కొక్కటీ ఆ కొత్త పెట్టె కోరుకు మూడింతలు చురుకు. అంతేకాదు, తాళం తీసే విద్య చిప్పులోనే ఉంది. వేరే కష్టపడనక్కర్లేదు.

"పిట్ట కొంచెం, కూత ఘనం" అంది నెమ్మదిగా. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. "మరి నా పెట్టె? పారెయ్యాల్నా?"

"దానికేమైంది? వందమంది వంద దార్లలో వచ్చే చోటికి అదే మొనగాడు" అన్నాడు ఉస్తాద్.

ఆమె సాయంత్రం దాకా డబ్బా మీద టీ మరకలు తుడిచి, దుమ్ము ఊది, కాపలా నియమాలన్నీ దాంట్లోకి ఎక్కించింది. చెప్పుల సంగతే మరిచిపోయింది.

గురువారం పొద్దున ఆ డబ్బా బిగించేసరికి పదిన్నర అయింది. ఒకసారి పంపించి చూసుకుందామని ఆమె ఆసుపత్రికి ఫోన్ చెయ్యబోయింది. అంతలో వాళ్ళే చేశారు.

"మేడం, పరీక్ష గిరీక్ష పక్కన పెట్టండి. నిజం మనిషే వచ్చినాడు. బద్వేలు నుంచి, మగ్గం మీద కూర్చున్నోడు కూర్చున్నట్టే పడిపోయినాడంట. కుడి చెయ్యి లేవడంల్యా. నలభై ఏళ్ళే. పంపిస్తాండాం."

వకుళగారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. నాగవేణి మోకాళ్ళ మీద కూలబడి, డబ్బా మీద చెయ్యి వేసింది. పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా.

"ఒకటి, రెండు, మూడు..."

గీత కదిలింది. ఆ మాట తప్పు, గీత ఉరికింది! పది దాటేసరికి సగం. పదిహేనుకు ముక్కాలు.

"పద్దెనిమిది, పందొమ్మిది..."

తెర నిండా ఆ మనిషి తలలోని రక్తనాళాలు తెల్లగా విచ్చుకున్నాయి.

వకుళగారు స్కాన్ పెద్దది చేశారు. ముందుకు వంగి చూశారు, తిప్పి చూశారు, మళ్ళీ చూశారు. ఫోన్ దగ్గరికి లాక్కున్నారు.

"ఎడమ వైపు గడ్డ ఉంది. రక్తస్రావం లేదు. ఇంజెక్షన్ వెయ్యండి. ఇప్పుడే, ఇప్పుడే!"

అరగంట ఎవరూ కదలలేదు. తరువాత ఫోన్ మోగింది.

"మేడం, చెయ్యెత్తినాడు! పెండ్లాము పేరు పిలిచినాడు మేడం!"

వకుళగారు అద్దాలు తీసి ఏడ్చారు. కాలు పోయినా ఏడవని మనిషి ఏడ్చారు. నాగవేణి ఆమె చేతులు పట్టుకొని నవ్వుతూ ఏడ్చింది. పదకొండింటికి పరీక్ష స్కాన్ కూడా వచ్చింది. అదెంత సేపట్లో తెరుచుకుందో వాళ్ళిద్దరూ చూడనేలేదు.

ఆమె అంగడికి ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు.

"కరిచింది ఉస్తాద్! కోర కరిచింది! పందొమ్మిది సెకన్లు! మగ్గమాయన చెయ్యెత్తినాడు!"

ఉస్తాద్ గ్లాసు కింద పెట్టబోయాడు. డబ్బా లేదు. గ్లాసును కిటికీలో పెట్టి, ఆమె కాళ్ళ వైపు చూశాడు. ఇంకా ఉత్త కాళ్ళే.

నాగవేణి కూడా తన కాళ్ళు చూసుకుంది. నవ్వు ఆగిపోయింది. బల్ల మీద చక్కెర పొట్లం కనబడింది.

"ఇప్పుడే పోతాను ఉస్తాద్. చెప్పులు తెచ్చుకొని, చక్కెర కూడా చదివించుకొని..."

ఆయన అప్పటికే పొట్లం విప్పుతున్నాడు. చిటికెడు తీసి ఆమె అరచేతిలో పోశాడు.

"నీ చదివింపు నిన్ననే అయిపోయింది పాపా. తిను."