అడిగినకొండ మాహాత్మ్యం

పూర్వం కృష్ణవేణి దక్షిణతీరాన, ఎర్రరాతి గుట్టల నడుమ వెలసిన వేణుపురమనే పట్టణాన్ని స్కందనాగుడనే మహాతలవరుడు పాలిస్తూండేవాడు. పరాక్రమంలో సాటిలేనివాడే గాని, ఆయన మనస్సుకు మాత్రం క్షణమైనా విశ్రాంతి ఉండేది కాదు; అన్నం ముందు కూర్చుంటే కోటగోడలు, కోటగోడలెక్కితే సరిహద్దు తగాదాలు ఆ మహానుభావుడి తలలో గిర్రున తిరుగుతూండేవి. అట్టి సమయంలో తమ్ముడు చలికినాగుడు శత్రువులతో చేతులు కలిపాడని ఎవరో చెవిలో వేయగా, విచారణైనా లేకుండా అతణ్ణి సంకెళ్లతో బంధించి, వానలు వెళ్లగానే శిరచ్ఛేదమని ప్రకటించాడు. ప్రకటించాడే గాని, ఆనాటి నుంచి ఆయనకు కంటిమీద కునుకు లేదు.

ఆ గుట్టల్లో ఒకదానిమీద, రాతిలో తొలిచిన గుహల్లో, సముద్రిక అనే వృద్ధ భిక్షుణి తన సంఘంతో వర్షావాసం చేస్తూండేది. వానలు కురిసినన్నాళ్లూ ఎక్కడికీ కదలక ధ్యానంలో గడపడం బౌద్ధుల ఆచారం. మహాతలవరుడు ఆమెకు మొక్కి, "అమ్మా, తీర్పైతే చెప్పాను గాని, మనస్సు ఊరుకోవడం లేదు. దీన్ని ఊరుకోబెట్టే ఉపాయం చెప్పు" అని వేడుకోగా, ఆ తల్లి దిగువన గృహస్థుల కోసం వేరుగా ఉన్న గుహ చూపించి, శ్వాసను గమనిస్తూ కూర్చోమంది.

పాలకుడు కదా, అక్కడా ఆజ్ఞలే. కప్పల బెకబెకలు ధ్యానానికి అడ్డమని భటులచేత మడుగులు తోడించాడు. విహారపు గంట నాలుకకు గుడ్డ చుట్టించాడు. కొండకింద కమ్మరిపాలెంలో కొలుములు ఆర్పించి, సమ్మెటపోటు వినబడితే దండన తప్పదన్నాడు. నాగటికర్రు సాగగొట్టే దిక్కులేక రైతులు తలలు పట్టుకున్నారు. ఇలా లోకం నోరు మూయించి తాను కళ్లు మూసుకుంటే, పాపం, లోపలి రొద మునుపటికి పదింతలై వినబడింది.

అప్పుడు సముద్రిక వచ్చి, "నాయనా, కప్పల్ని ఊరుకోబెట్టావు, కమ్మరుల్నీ ఊరుకోబెట్టావు. ఇంకా అరుస్తున్నదెవరో చూడు. ఆ కొలుములు వెలిగించమని, వాటి పక్కనే కూర్చో" అంది.

ఆయన సిగ్గుపడి, చెప్పినట్టే చేశాడు. మొదట్లో ప్రతి పోటుకూ ఉలిక్కిపడినా, పోనుపోను సమ్మెట మోగితే మోగిందని, ఆగితే ఆగిందని ఊరకే తెలుసుకుంటూ ఉండడం అలవడింది. తన ఆలోచనలనూ అలాగే చూడసాగాడు. చూడగా చూడగా, వాటన్నిటి అడుగున ఒకే భయం కనబడింది: ప్రజలకు తనకంటె తమ్ముడే ఇష్టమన్న భయం. ద్రోహానికి సాక్ష్యమన్నది ఆయన ఎన్నడూ చూడలేదు.

వర్షావాసం ముగిసే పున్నమినాడు భిక్షుణులు ఒకరి ముందొకరు మోకరిల్లి, తమలో చూసిన, విన్న, అనుమానించిన దోషమేదైనా ఉంటే దయతో చెప్పమని అడుగుతారు; దానికి పవారణ అని పేరు. శిరచ్ఛేదానికి నిర్ణయించిన రోజూ అదే. మహాతలవరుడు తమ్ముణ్ణి కొండమీదికి రప్పించాడు. వెంట వచ్చిన జనం కత్తి లేస్తుందని గుండె చిక్కబట్టుకుని చూస్తుండగా, ఆయన తలపాగా తీసి పక్కన పెట్టి, బండమీద మోకరిల్లాడు.

"తమ్ముడూ, నాలో దోషం చెప్పు."

"నన్నొక్కమాట అడిగి ఉంటే సరిపోయేది, అన్నా" అన్నాడు చలికినాగుడు. "నువ్వు అడగలేదు."

"ఇప్పుడు అడుగుతున్నాను. నాకు ద్రోహం చేశావా?"

"లేదు."

"నమ్ముతున్నాను" అన్నాడు మహాతలవరుడు, మోకాళ్లమీద నుంచి లేవకుండానే.

కమ్మరులు అక్కడికక్కడే సంకెళ్లు పగలగొట్టారు. దెబ్బ దెబ్బకూ జనం చేసిన సాధునాదాలకు గుట్టలన్నీ మారుమోగాయి. ఎన్ని యుద్ధాలు గెలిచినా అంతటి ఉత్సవం ఆ పట్టణం ఎరగదట. ఎలా ఎరుగుతుంది, యుద్ధం గెలిచిన ప్రతిసారీ ఎవరో ఒకరి ఇంట ఏడుపు ఉండేది. ఆనాడు ఏ ఇంటా లేదు.

అది మొదలు ఆ గుట్ట అడిగినకొండ అయింది. ఇప్పుడు గుహల్లో భిక్షుణులు లేరు, స్తూపపు ఇటుకలూ చాలావరకు రాలిపోయాయి. అయినా ఆశ్వయుజ పున్నమి వచ్చిందంటే, మాటలు మానేసిన అన్నదమ్ములు సైతం ఆ కొండెక్కుతారు. పెద్దవాడు బండమీద మోకరిల్లి అడుగుతాడు, చిన్నవాడు మనసులో ఉన్నది చెబుతాడు, ఇద్దరూ కలిసి దిగుతారు. ఆ బండమీది రెండు గుంటలూ స్కందనాగుడి మోకాళ్లకే పడ్డాయో, తరతరాల అన్నల మోకాళ్లకు పడ్డాయో చెప్పలేం గాని, ఏటేటా మరికాస్త లోతవుతున్న మాట మాత్రం నిజం.